గురక ఆగితే అవును

రామలింగప్ప గురక పెడతాడని ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో ఎవరూ ఏనాడూ విసుక్కోలేదు. పైగా ఆ గురక అంటే వీధికి కాస్త గర్వం కూడా ఉండేది. గుంత మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన మనుషులు వాళ్లు, చప్పుడు లేకపోతేనే వాళ్లకు నిద్ర పట్టదు. మధ్యాహ్నం అన్నం తిని ఆయన నడవలో నులకమంచం మీద వాలితే, కాసేపటికి గురక గడప దాటి, అరుగు దాటి, వీధి కొళాయి దాకా పోయేది. బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు, సుబ్బక్క అదృష్టవంతురాలు, మొగుడి మనసులో ఏ దిగులూ లేదు అనుకునేవాళ్లు. ఆయన పెళ్లాం సుబ్బక్క కూడా అట్లాగే అనుకునేది. దిగులున్నవాడికి అంత నిద్ర ఎక్కడినుంచి వస్తుంది?

ఆయన నేసేవాడు, ఆమె మగ్గం పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టి అందించేది. ఇంటి సంగతులు, వీధి సంగతులు, దేవుళ్ల సంగతులు మాత్రం ఆమె చేతిమీదుగానే నడవాలి. ఆమె చెయ్యి పడకుండా ఏదన్నా నడిస్తే అది నడిచినట్టే కాదని ఆమె అభిప్రాయం.

ఆ గురకలో ఒక విశేషం ఉంది. బాగా ఊపందుకుని, ఇక పైకప్పు నిలిచేట్టు లేదు అనుకునే సమయానికి ఉన్నట్టుండి ఆగిపోయేది. గాలి చప్పుడు కూడా ఉండేది కాదు. వింటున్నవాళ్లకు ఒళ్లు జలదరించేంతసేపు ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండేది. తర్వాత రామలింగప్ప ఒళ్లు ఒక్క కుదుపు కుదిపి, గొంతులోంచి "హ్హా" అని పెద్ద కేక లాంటిది వచ్చి, మళ్లీ గురక మొదలయ్యేది. ఆయన మాత్రం లేచేవాడు కాదు.

దీనికి అర్థం కనిపెట్టిన ఘనత ఎదురింటి శేషన్నది. ఆయన పెద్ద కూతురికి నందికొట్కూరు సంబంధం వచ్చింది. పిల్లవాడు మంచివాడే, కానీ వాళ్లమ్మ నోరు మంచిది కాదని విన్నాడు. ఒకరోజు మధ్యాహ్నం వీళ్ల అరుగు మీద కూర్చుని, ఒప్పుకుందామా వద్దా అని సుబ్బక్కను సలహా అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపే లోపల గురక ఆగింది. ఇద్దరూ అటు తిరిగారు. చాలాసేపటికి మంచం కిర్రుమని, "హ్హా" అని వినబడింది.

శేషన్న అరుగు మీదినుంచి లేచి నిలబడ్డాడు. తువ్వాలు తీసి నడుముకు చుట్టుకున్నాడు.

"వదినా, పలికింది ఆయన కాదు. అమ్మ పలికిండాది" అన్నాడు.

ఆయన అట్లా అనడానికి కారణం లేకపోలేదు. రామలింగప్ప ప్రతి ఏటా ఉగాదికి నేతవాళ్ల కులదేవత చౌడమ్మ జ్యోతి ఎత్తే మనిషి. బియ్యప్పిండి, బెల్లం కలిపి చేసిన పెద్ద ముద్దలో నెయ్యి పోసి వెలిగిస్తారు, దాన్ని తలమీద పెట్టుకుని వీధంతా తిరిగి గుడికి చేర్చాలి. వాళ్ల నాయన తర్వాత ఆ హక్కు ఆయనది. ఏడాదికొకసారి అమ్మవారిని నెత్తిన మోసే మనిషి దగ్గరికి మధ్యాహ్నం పూట ఆమే వచ్చి పోతుందంటే మగ్గాల వీధిలో నమ్మనివాళ్లు ఎవరు?

శేషన్న సంబంధం ఖాయం చేసుకున్నాడు. నోరు మంచిది కాదన్న అత్త కోడల్ని ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. దాంతో నియమం ఏర్పడిపోయింది. రామలింగప్ప నిద్రపోతున్నప్పుడు కాళ్లవైపు నిలబడి మనసులో మాట అడగాలి. గురక ఆగితే అవునని, ఆగకుండా సాగితే కాదని. అవునన్నది జరగకపోతే అడిగినవాళ్లు స్నానం చెయ్యకుండా వచ్చి ఉంటారని సుబ్బక్క తేల్చేది. అడిగినవాళ్లు తల ఊపి వెళ్లిపోయేవాళ్లు, ఎమ్మిగనూరులో కొళాయి నీళ్లు వచ్చే తీరు అట్లాంటిది మరి.

మంగళ, శుక్రవారాలు నడవ నిండిపోయేది. బోరు ఎక్కడ వేయించాలో అడిగేవాళ్లు, పిల్లవాడు పాసవుతాడా అని అడిగేవాళ్లు, పక్కింటివాడి బోరు ఎండిపోతుందా అని గుట్టుగా అడిగేవాళ్లు. టెంకాయలు, అరటిపండ్లు, నిమ్మకాయల దండలు మంచం కాళ్ల దగ్గర చేరాయి. అంతకుముందు వీధిలో వట్టి సుబ్బక్కగా ఉన్నావిడ సుబ్బక్కమ్మ అయింది. కొళాయి దగ్గర ఆమె బిందె కనబడితే చాలు, మిగతా బిందెలు తమంతట తాము పక్కకు జరిగేవి. ఈ చివరి సంగతి ఆమెకు అన్నిటికన్నా ఎక్కువ తృప్తినిచ్చిందని చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది.

రామలింగప్పకే ఇదేమీ నచ్చేది కాదు. ఆయన గురకను వినని మనిషి ఆ వీధిలో ఆయనొక్కడే. ఎంత నిద్రపోయినా నిద్ర చాలనట్టు, తల బరువుతో లేచేవాడు. లేచి చూసుకుంటే పాదాలకు పసుపు, బొటనవేళ్ల మీద కుంకుమ.

"మే, నిద్రపోతాంటే కాళ్లకు పసుపు పూస్తాండేది ఎవురే?" అని ఆమెను అడిగేవాడు. "నేనేమన్నా గడపనా?"

ఇంకో చిక్కు వచ్చింది. ఆయన పక్కకు తిరిగి పడుకుంటే గురక తగ్గేది, అమ్మ పలికేది కాదు. బనగానపల్లె నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లు ఉత్త చేతులతో పోవాల్సి వచ్చేది. సుబ్బక్క ఆలోచించి దీనికొక ఉపాయం చేసింది. నూలు మూటలు రెండు తెచ్చి మంచం మీద ఆయనకు అటొకటి ఇటొకటి ఒత్తి పెట్టింది. ఇక ఆయన ఎటూ తిరగలేడు, వెల్లకిలా పడుకోవాల్సిందే. ఆ రోజునుంచి అమ్మ ధారాళంగా పలికింది.

ఇంతలో ఆయనకు బీపీ మొదలైంది. ఒకనాడు మగ్గంలో కూర్చునే తూలితే, వీధి చివర మందులిచ్చే హనుమేష్ చేతికి పట్టీ కట్టి చూసి, శానా ఉండాది అన్నాడు. ఒక మాత్ర రాశాడు, దిగలేదు. రెండోది కలిపాడు, దిగినట్టే దిగి మళ్లీ ఎక్కింది. మూడోది కూడా వేశాక, తప్పు మాత్రలది కాదు, ఇంట్లో కూరలది అని తేల్చేశాడు.

సుబ్బక్క వంటింట్లో ఉప్పు డబ్బాను అటక ఎక్కించింది. ఊరగాయ జాడీలు శేషన్న ఇంటికి వెళ్లిపోయాయి. బొరుగుల ఉగ్గాని ఉంది గానీ పక్కన మిరపకాయ బజ్జీ లేదు. రాగిసంగటిలోకి చప్పిడి పప్పు. రామలింగప్ప కంచం ముందు కూర్చుని చాలాసేపు దాన్ని చూసేవాడు. ఎప్పుడన్నా శేషన్న ఇంటి వైపు గాలి తిరిగితే లేచి వెళ్లి అరుగు మీద నిలబడేవాడు. అయినా బీపీ దిగలేదు. పైగా మగ్గం తొక్కుతూ తొక్కుతూనే కళ్లు మూతలు పడేవి, చీర అంచులో పోగులు తప్పేవి. నలభై ఏళ్లుగా ఆయన నేతలో పోగు తప్పడం సుబ్బక్క చూడలేదు. అమ్మ రాకపోకల వల్ల ఒళ్లు అలుస్తోంది అనుకుంది. ఆ మాట పైకి అంటే వీధిలో అందరూ తల ఊపారు.

సంక్రాంతి వెళ్లి, ఉగాది జ్యోతి మాటలు మొదలయ్యాక హనుమేష్ ఒకసారి పట్టీ కట్టి చూసి, మళ్లీ కట్టి చూసి, పట్టీ విప్పేశాడు. ఇంత బీపీతో నెత్తిన జ్యోతి పెట్టుకుని నడిస్తే నడిమధ్య పక్షవాతమే రావచ్చు, ప్రాణమే పోవచ్చు, కర్నూలు పెద్దాసుపత్రికి పోండి అన్నాడు. కులపెద్దలు కూడా, డాక్టరు సరేనంటేనే జ్యోతి అన్నారు. రామలింగప్ప ఆ రాత్రి అన్నం ముట్టలేదు. చప్పిడిదని కాదు. నాయన ఇచ్చిన హక్కు తన తలమీదినుంచి దిగిపోతుందేమోనని ఆయన భయం. సుబ్బక్క భయం వేరు. జ్యోతి సంగతి తర్వాత, ఈ మనిషే దక్కకపోతే ఏం చెయ్యాలని ఆమెకు మొదటిసారి అనిపించింది.

కర్నూలులో వాళ్లను చూసిన డాక్టరమ్మ చిన్న వయసుది. తలుపు మీద స్తుతి అని పేరుంది. మెళ్లో సన్నని గొలుసుకు చిన్న శిలువ. సుబ్బక్క రెండూ చూసి, చర్చి మనిషి, మన అమ్మవారి సంగతి ఈమె దగ్గర ఎత్తకూడదు అని మనసులో గట్టిగా అనుకుంది. ఆ నిశ్చయం నిలిచింది కొద్దిసేపే. డాక్టరమ్మ మాత్రల చీటీలు చూసి, రామలింగప్ప మెడ చుట్టూ టేపు పెట్టి కొలిచి, నోరు తెరిపించి గొంతులో లైటు వేసి చూసి, ఈయన గురక పెడతాడా అని అడిగింది.

మొగుడి గురక గురించి పెద్దాసుపత్రిలో డాక్టరు అడిగితే సుబ్బక్క ఎట్లా ఊరుకుంటుంది? మామూలు గురక కాదు తల్లీ అని మొదలుపెట్టి మొత్తం చెప్పేసింది. నందికొట్కూరు సంబంధం చెప్పింది, బోర్లు చెప్పింది, నూలు మూటల ఉపాయం కూడా చెప్పింది. చెప్పి, సెల్‌ఫోను తీసింది. శేషన్న అంతకుముందు ఒక శుక్రవారం అమ్మ మాటను రికార్డు చేసి వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. రాలేనివాళ్లు ఇంట్లోనే విని దండం పెట్టుకోవడానికి.

చిన్న గదిలో రామలింగప్ప గురక మోగింది. తన గురకను తాను వినడం రామలింగప్పకు అదే మొదలు. ముందు సిగ్గుపడ్డాడు, తర్వాత కాస్త నవ్వుకున్నాడు. ఇంతలో గురక ఆగింది. ఫోనులో ఎవరో "ఆగిండాది, ఆగిండాది" అని గుసగుసలాడారు. డాక్టరమ్మ గోడ గడియారం వైపు చూసింది. ముల్లు నడుస్తూనే ఉంది. ఫోనులో టెంకాయ పగిలిన చప్పుడు, ఎవరో భక్తిగా గొణుక్కుంటున్న చప్పుడు, ఊపిరి మాత్రం లేదు. డాక్టరమ్మకు తెలియకుండానే ఆమె చెయ్యి బల్ల అంచును పట్టుకుంది. చివరికి "హ్హా" అని వినబడ్డాక ఆమె కూడా గాలి పీల్చుకుంది.

"అమ్మా, అమ్మవారు మాట్లాడాలంటే మీ ఆయన ఊపిరి ఆపాల్నా?" అంది మెల్లగా.

సుబ్బక్కకు కోపం రాబోయింది. అది వచ్చేలోపు డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది.

"మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. మా తాత దాసన్న ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుని ఇట్లనే గురక పెట్టేవాడు. మధ్యలో ఆగిపోతే, దాసన్న ప్రార్థనలో మునిగినాడు, ఎవురూ కదలొద్దు అనేవాళ్లు. మా అవ్వ ఎంత సంతోషపడేదో. ఆయన నిద్రలోనే పోయినాడు. నేను అప్పటికింకా డాక్టరు కాలేదు."

డాక్టరమ్మ ఒక కాగితం ముందుకు లాక్కుంది. తర్వాత ఆమె బొమ్మ గీసి మరీ వివరించింది. పడుకున్నప్పుడు ఈయన గొంతు వెనక కండ వదులై గాలి దారికి అడ్డం పడుతోంది. వెల్లకిలా పడుకుంటే ఇంకా ఎక్కువ. ఊపిరి అందక ఒళ్లు బెదిరి, గుండెను తరుముతుంది, రక్తం పోటెక్కుతుంది, మనిషిని సగం లేపి గాలి పీల్పిస్తుంది. ఆ కేక అదే. మళ్లీ నిద్రలో పడగానే మళ్లీ అదే కథ. రాత్రంతా తరుముడే అయితే పగలు బీపీ దిగమంటే ఎట్లా దిగుతుంది? మూడు మాత్రలు వేసినా దిగకపోవడానికి, లేవగానే తలనొప్పికి, మగ్గం మీద కునుకుకు అన్నిటికీ మూలం ఇదే అయి ఉంటుందంది. ఒక రాత్రి ఆసుపత్రిలోనే పడుకోబెట్టి, వేలికి క్లిప్పు, ముక్కు కింద గొట్టం, ఛాతీకి బెల్టు కట్టి పరీక్ష చేశారు. ఆమె అనుకున్నట్టే తేలింది.

మగ్గంలో పోగును అటూ ఇటూ మోసే నాడె మధ్యలో ఇరుక్కుంటే ఏం చేస్తామో సుబ్బక్కకు తెలుసు. కాలు ఇంకా గట్టిగా తొక్కుతాం, అప్పుడు పోగులు తెగుతాయి. డాక్టరమ్మ చెప్పింది ఆమెకు బాగానే అర్థమైంది. మరీ బాగా అర్థమైంది.

తిరుగు బస్సులో రామలింగప్ప కిటికీ పక్కన కూర్చుని కోడుమూరు రాకముందే కునుకు తీశాడు, గురక కూడా మొదలుపెట్టాడు. గురక ఆగినప్పుడల్లా సుబ్బక్క ఆయన భుజం పట్టి కుదిపింది. ఆయన విసుక్కున్నాడు. అయినా కుదిపింది. అన్ని శుక్రవారాలు ఆ మంచం కాళ్ల దగ్గర తాను చేతులు జోడించి నిలబడింది దేనికి? కట్టుకున్న మనిషి ఊపిరాడక కొట్టుకుంటుంటే, అటొక మూట ఇటొక మూట ఒత్తిపెట్టి, టెంకాయ కొట్టింది. ఇల్లు చేరగానే చెప్పులైనా విప్పకుండా పోయి ఆ నూలు మూటలు తీసి దూరంగా మూలకు విసిరేసింది. ఏడుపు అప్పుడు వచ్చింది.

డాక్టరమ్మ ఇచ్చిన మిషను చిన్న పెట్టెలాగా ఉంది. దానినుంచి ఒక గొట్టం, గొట్టం కొసకు ముక్కు మీద పెట్టుకునే మాస్కు. గాలిని మెల్లగా లోపలికి నెట్టి గొంతు దారి మూసుకోకుండా చూస్తుందట. మొదటి రోజు రామలింగప్ప దాన్ని తగిలించుకుని మంచం మీద కూర్చుంటే శేషన్న వచ్చి చూసి, అచ్చం వినాయకుడు అన్నాడు. రామలింగప్ప దాన్ని పీకి పారేశాడు. జ్యోతి ఎత్తాలని ఉంటే పెట్టుకో, లేకపోతే శేషన్నకు ఇస్తారు జ్యోతి అని సుబ్బక్క అంది. ఆయన మళ్లీ తగిలించుకున్నాడు. అలవాటు కావడానికి కొన్నాళ్లు పట్టింది, ఆమెను కొన్నాళ్లు తిట్టాడు కూడా.

అలవాటయ్యాక వీధికి కష్టకాలం వచ్చింది. గురక లేదు. మిషను సన్నగా బుసకొడుతుంటే ఆయన ఊపిరి పడుగు పోగులాగా సమంగా సాగింది. సుబ్బక్క ఎంత చెప్పినా వినకుండా జనం ఇంకా వచ్చారు. అమ్మ ఇకమీదట ఈడ పలకదని గడప దగ్గరే నిలబడి చెప్పినా, పసుపు కుంకుమలతో అంత దూరం నుంచి వచ్చినవాళ్లను ఎంతసేపని ఆపుతుంది? లోపలికి వచ్చి కాళ్లవైపు నిలబడి అడిగారు. ఊపిరి ఆగలేదు కాబట్టి కాదనే జవాబు. బోరు పడుతుందా, కాదు. పిల్లవాడు పాసవుతాడా, కాదు. శేషన్న రెండో కూతురి సంబంధం అడిగాడు, కాదు. వేరే సంబంధం అడిగాడు, అదీ కాదు. మూడో సంబంధం కూడా కాదనేసరికి ఆయనకు రోషం వచ్చి, పిల్లనే అడిగి ఆమెకు నచ్చినవాడితో ఖాయం చేశాడు. రాను రాను నడవ ఖాళీ అయింది. అన్నిటికీ కాదనే దేవతతో ఎవరికి పని?

కొళాయి దగ్గర మాత్రం బిందెలు ఇంకా పక్కకు జరుగుతూనే ఉన్నాయి, పాత అలవాటు కొద్దీ. సుబ్బక్క తన బిందె తీసుకుపోయి వరస చివర పెట్టింది. ఏమైంది సుబ్బక్కమ్మా అని అడిగితే, నా పేరు సుబ్బక్క అంది.

నిద్ర చాలిన మొగుడితో కాపురం ఎట్లా ఉంటుందో ఆమె మరిచిపోయింది. రామలింగప్ప తెల్లవారి లేస్తూనే మాటలు మొదలుపెట్టేవాడు. తల బరువు లేదు. మగ్గంలో దిగితే మధ్యాహ్నం దాకా కన్ను మూత పడదు. అంచులో పోగు తప్పదు. పైగా ఇన్నాళ్లూ నిద్రమత్తులో గమనించనివన్నీ గమనించసాగాడు. శేషన్న ఇంట్లో ఉన్న ఊరగాయ జాడీలు మనవే కదా అన్నాడు. వాటిని వెనక్కి తెప్పిద్దాం అన్నాడు. ఒక్క నిద్రను బాగు చేసుకున్నందుకు ఇంత వాగుడు భరించాలా అని సుబ్బక్క పైకి విసుక్కుంది. లోపల ఆమెకు ఎంత హాయిగా ఉందో ఆమెకే తెలుసు.

ఉగాదికి ముందు మళ్లీ కర్నూలు పోయారు. బీపీ దిగింది. మరీ పాతాళానికి కాదు, డాక్టరమ్మ ముఖంలో నవ్వు వచ్చేంత. మూడు మాత్రల్లో ఒకటి తీసేసింది, రెండు మానొద్దంది. ఒళ్లు తగ్గాలి, మిషను రోజూ పెట్టుకోవాలి. ఉప్పు ఇంకా అటకమీదే ఉండాలంది. ఈ మాట దగ్గర రామలింగప్ప ముఖం చిన్నబోయింది. జ్యోతి ఎత్తొచ్చు, మధ్యమధ్య కూర్చుని పోవాలి, పక్కన ఇంకొకరు ఉండాలి అంది. ఆయన ముఖం మళ్లీ వెలిగింది. సుబ్బక్క డాక్టరమ్మ చేతిలో ఒక అరటిపండు పెట్టి, ఇది అమ్మ ప్రసాదం, నీకు అభ్యంతరం లేకపోతే తిను తల్లీ అంది. స్తుతి అక్కడే ఒలుచుకుని తినింది.

జ్యోతి ఎత్తే రోజు మధ్యాహ్నం, సాయంత్రానికి ఒళ్లు కుదురుగా ఉండాలని రామలింగప్ప కాసేపు పడుకున్నాడు. పక్కకు తిరిగి, మాస్కు తగిలించుకుని. నడవలో ఎవరూ లేరు. వీధంతా గుడి దగ్గర పిండి కలుపుతోంది. సుబ్బక్క రాట్నం ముందు కూర్చుని కండె చుడుతోంది, చేతులు మాత్రం సాగడం లేదు. భయం లేదని డాక్టరమ్మ చెప్పొచ్చు, బీపీ పట్టీ చెప్పొచ్చు. ఇన్నాళ్ల భయం అంత తేలిగ్గా పోతుందా?

లేచి చేతులు కడుక్కుంది. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, పోయి మంచం కాళ్లవైపు నిలబడింది. అంతమంది చేత అడిగించింది గానీ తనకోసం తాను ఏనాడూ ఏమీ అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. కళ్లు మూసుకుంది.

"అమ్మా, ఈ మనిషి నన్ను ఇడిసిపెట్టి పోతాడా?"

అడిగేసి, భయంతో బిగుసుకుపోయి వింది. మిషను సన్నగా బుసకొడుతోంది. ఊపిరి లోపలికి పోయింది, బయటికి వచ్చింది. మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. ఆమె చాలాసేపు నిలబడింది, ఒకప్పుడు గురక ఆగి ఉండేంతసేపటికన్నా చాలా ఎక్కువసేపు. ఎక్కడా ఆగలేదు.

ఎందుకైనా మంచిదని ఇంకోసారి అడిగింది. అమ్మ మళ్లీ కాదనే చెప్పింది.